నెమరు పట్టీ

ఎర్రదిన్నె బడి పిల్లలకు చదువు రాదని ఎవరైనా అంటే హుసేనయ్య సారుకు ఒళ్లు మండిపోయేది. రాకపోవడమేమిటి, శుభ్రంగా వస్తుంది. వచ్చింది నిలవదు, అంతే. చలి ముదిరేసరికి మిరప కోతలకు మనుషుల్ని తీసుకుపోయే లారీలు ఊరి బయట వచ్చి ఆగుతాయి. సగం ఊరు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు బయల్దేరుతుంది. ఆ వలసను అక్కడ సుగ్గి అంటారు. అమ్మానాన్నలతో పాటు పిల్లలూ లారీ ఎక్కుతారు. ఉగాదికి తిరిగొచ్చేటప్పటికి వాళ్ల చేతులు మిరపకాయలు తుంచి తుంచి మండుతుంటాయి, బుర్రలు మాత్రం కడిగిన పలకల్లా ఉంటాయి. ఎనిమిదో ఎక్కం చెప్పమంటే ఒకడి మొహం ఒకడు చూసుకుని ఇకిలిస్తారు.

ఆ బడికి హెడ్మాస్టరూ ఆయనే, అసిస్టెంటూ ఆయనే, గంట కొట్టేదీ ఆయనే. ఏళ్ల తరబడి ఆయన చేసిన ఉద్యోగం ఒకటే. నేర్పడం, వాళ్లు మర్చిపోయి వస్తే తిట్టుకుంటూ మళ్లీ అదే నేర్పడం. “మర్చిపోవడానికి ఏమన్నా బహుమానం ఇస్తే రాష్ట్రంలో మా పిల్లోల్లే ఫస్టు,” అని మీటింగుల్లో తోటి టీచర్లను నవ్వించేవాడు. నవ్వించి వచ్చి, ఇంట్లో మంచం మీద కూలబడి నిట్టూర్చేవాడు.

అలాంటి మనిషి దగ్గరికి మృణాళిని వచ్చింది. హైదరాబాదులో మెదడు మీద పరిశోధన చేసే మనిషి ఆమె. జీపు దిగి ఒక అట్టపెట్టె బల్ల మీద పెట్టింది. లోపల మెత్తటి గుడ్డ పట్టీలు. చలికి చెవుల మీదుగా కట్టుకునేవాటిలా ఉన్నాయి.

“ఆవు పొద్దున మేసింది మధ్యాహ్నం నీడన పడుకుని నెమరేస్తుంది కదా సార్. నిద్రలో మన మెదడూ అదే పని చేస్తుంది. కాకపోతే గబగబా నాలుగుసార్లు నమిలి వదిలేస్తుంది. ఈ పట్టీ కట్టుకుని పడుకుంటే తీరిగ్గా నమిలిస్తుంది.”

“నమిలింది వంటబడుతుందా మేడమ్?”

“పడుతుంది. పడితే ఇక పోదు.”

పోదు అన్న మాటకు హుసేనయ్యకు ప్రాణం లేచొచ్చింది. పిల్లలకు కట్టే ముందు నాకు కట్టండి అని పట్టుబట్టాడు. ఆమె ఆయన చేత ఏవో దేశాల రాజధానుల పేర్లు చదివించి, బల్ల మీద పడుకోబెట్టి పట్టీ కట్టింది. లేచాక చూస్తే రాజధానులు సగమే గుర్తున్నాయి. పొద్దున బస్సులో కండక్టరుతో పడిన గొడవ మాత్రం పొల్లు పోకుండా ఉంది. ఎర్రదిన్నె దగ్గర బస్సు ఆపనన్న ఆ కండక్టరు ఏ మాట ఏ గొంతుతో అన్నాడో, ఎక్కడ దగ్గాడో, ఎవరు కిసుక్కుమన్నారో అంతా. వారం తర్వాత కూడా అంతే. అన్నం కలుపుతుంటే ఆ కండక్టరు వచ్చి కళ్ల ముందు నిలబడేవాడు.

ఫోన్ చేసి చెబితే మృణాళిని నవ్వింది. “పట్టీకి పాఠమేదో పోట్లాటేదో తెలియదు సార్. పొద్దుటి నుంచీ మనసుకు ఏది గట్టిగా తగిలితే దాన్ని పట్టుకుంటుంది. అందుకే మనం పాఠాన్ని బాగా తగిలేలా చెప్పాలి. అంతకంటే గట్టిది ఇంకేదీ తగలకూడదు.”

“మా పిల్లోల్లకు పొద్దున పాఠం, మధ్యాహ్నం కోడిగుడ్డు. అంతకంటే గట్టిదేముంటాది మేడమ్!” అని ఆయనా నవ్వేశాడు.

ఇక చూడండి ఆయన హుషారు. పొద్దున నదుల పాఠమైతే నేల మీద సుద్దముక్కతో కృష్ణానదిని గీసి పిల్లల్ని అందులో నడిపించేవాడు. భాగహారమైతే చింతపిక్కలు పంచి కొట్లాడించేవాడు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక చాపలు పరిచి అందరికీ పట్టీలు కట్టేవాడు. అరగంట సేపు బడంతా నిశ్శబ్దంగా నెమరేసేది. దసరా సెలవులు అయ్యాక పిల్లలు తిరిగొస్తే, బెదురుతూ బెదురుతూ ఎనిమిదో ఎక్కం అడిగాడు. అందరూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. హుసేనయ్య అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఈ పద్ధతి ఇక్కడ నిలబడితే రాష్ట్రంలో మారుమూల బడులన్నిటికీ పట్టీలు వస్తాయని మృణాళిని చెప్పింది.

పిల్లలందరిలోకీ మాదేవి వేరు. నాలుగో తరగతి. నల్లగా, సన్నగా, రెండు జడల్లో ఒకటి ఎప్పుడూ ఊడిపోయి ఉండే పిల్ల. ప్రశ్న అడిగితే జవాబు చెప్పి, వెంటనే ఇంకో ప్రశ్న ఆయన్నే అడిగేది. గురుకులం పరీక్షలో ఎర్రదిన్నె నుంచి ఎవరైనా ఎంపికయ్యే రోజంటూ వస్తే అది మాదేవితోనే వస్తుందని ఆయన ఖాయం చేసుకున్నాడు. అయితే ఆ పరీక్ష సరిగ్గా మిరప కోతల మధ్యలో వస్తుంది. మాదేవి ప్రతి ఏడూ తల్లి ఈరమ్మతో సుగ్గికి పోయే పిల్ల.

హుసేనయ్య వాళ్లింటికి వెళ్లి గడపలో కూర్చున్నాడు.

“పిల్లను ఇడిసిపెట్టి నేనెప్పుడూ పోలేదు సారూ,” అంది ఈరమ్మ. “అది పక్కన లేకుంటే నాకు కన్ను మూతపడదు.”

“నీ నిద్ర కోసరం దాని బతుకు పాడు జేస్తావా? పరీక్ష నెత్తి మీదుంది. ఈ ఒక్క ఏడు నాకిడిసిపెట్టు ఈరమ్మా. ఇంట్లో మీ అత్త ఉంది, బడిలో నేనుండా.”

“అది ఉండదు సారూ. లారీ కదిలితే ఎనకాల పరిగెత్తుతాది.”

“కొందరు పిల్లోల్లు అవ్వల కాడ ఉండడం లేదా? నీదొక్కతే బంగారమా?”

ఆ మాటకు ఈరమ్మ నవ్వింది. నవ్వి, చాలాసేపు కూతురి వంక చూసి, సరే అంది.

ఇక్కడ ఎర్రదిన్నె ఆచారం ఒకటి చెప్పుకోవాలి. ముసలివాళ్ల దగ్గర పిల్లల్ని వదిలి సుగ్గికి పోయే తల్లి, పోయేటప్పుడు ఆ పిల్లను ముద్దు పెట్టుకోదు. ఏడవదు. నిలబెట్టి తిడుతుంది. ఎప్పుడో ఒక పిల్లవాడు తల్లి కోసం పరిగెత్తి లారీ చక్రం కింద పడ్డాడట. అప్పటి నుంచీ ఇదే పద్ధతి. నువ్వు నాకొద్దు పో అని కసిరితే పిల్లకు రోషం వచ్చి లారీ వెంట పడదు, వెనక్కి తిరిగి అవ్వ దగ్గరికి పోతుంది. దీన్ని ఇడుపు తిట్టు అంటారు. తిట్టు తల్లిది, విరుగుడు అవ్వది. ఆ రోజంతా అవ్వ ఆ పిల్లను ఒళ్లోంచి దించదు. బొరుగులూ బెల్లమూ పెడుతూ, “మీయమ్మ దొంగది, మీయమ్మ నోరు పడిపోను, రానీ దాని సంగతి చెప్తా,” అని తిడుతుంది. పిల్లా అవ్వతో కలిసి తల్లిని నోటికొచ్చినట్టు తిడుతుంది. తిట్టి తిట్టి చివరికి నవ్వొస్తుంది. నవ్వొచ్చిందంటే అయిపోయినట్టే. అందుకని లారీ పోయే రోజున మిగిలిన పిల్లల్ని ఎవరూ బడికి పంపరు.

హుసేనయ్యకు ఇదంతా కొట్టిన పిండి. కానీ ఆయన లెక్కలో అదొక వృథా అయిన రోజు. ఈసారి పరీక్ష పిల్ల ఉంది. ఆయన పొద్దున్నే లారీ దగ్గరికే వెళ్లి నిలబడ్డాడు.

ఈరమ్మ భర్త పైకెక్కి మూటలు అందుకుంటున్నాడు. మాదేవి తల్లి కొంగు పట్టుకుని వదలడం లేదు. పోయిన ఏడు వరకూ అది లారీ మీద తల్లి ఒళ్లో కూర్చుని, కింద తిట్లు తింటున్న పిల్లల్ని చూసి నవ్విన పిల్ల. తిట్టంటే ఏమిటో దానికి తెలుసు. పరాయి పిల్లలకు పడితే తెలియడం వేరు, తనకే పడితే వేరు.

“ఇడుసు,” అంది ఈరమ్మ.

“నేనూ వస్తామ్మా.”

ఈరమ్మ కొంగు లాక్కుంది. కూతుర్ని భుజాలు పట్టుకుని వెనక్కి నెట్టింది. “పో అవతలికి! నువ్వు నా కడుపున పుట్టినదానివే కాదు. కల్లం కాడ దొరికితే ఎత్తుకొచ్చినా. నువ్వు నాకొద్దు. నా ఎంట రావద్దు!”

మొదటిసారి తిట్టడం కదా, ఆమెకు కొలత తెలియలేదు. మిగతా తల్లులు ఏటా తిట్టి తిట్టి అలవాటైనవాళ్లు, సగం నవ్వుతోనే తిడతారు. ఈరమ్మ నిజంగా తిట్టినట్టే తిట్టింది. తిట్టి, మొహం తిప్పుకుని లారీ ఎక్కి, కొంగు నోట్లో కుక్కుకుంది. మాదేవి వెనక పరిగెత్తలేదు. దుమ్ములో అట్లాగే నిలబడిపోయింది.

అవ్వ హనుమక్క వచ్చి మనవరాలి చెయ్యి పట్టుకుంది. హుసేనయ్య రెండో చెయ్యి పట్టుకున్నాడు.

“ఈ పూట ఇడిసిపెట్టు సారూ,” అంది హనుమక్క. “ఈ పూట దీన్ని నా ఒళ్లోనే పెట్టుకోవాల. రేపు నేనే తోలుకొస్తా.”

“ఇంట్లో పెట్టుకుని ఇంకా ఏడిపిస్తావా అవ్వా? బడికొస్తే పదిమందిలో పడి మర్చిపోతాది.”

“అట్ల గాదు సారూ...”

“ఏమే మాదేవీ, గురుకులం పోవాలనా వద్దా?”

పిల్ల తల ఊపింది. హుసేనయ్య గెలిచాడు. ఆయన గొంతు పెద్దది, హనుమక్కది చిన్నది. అంతకు మించి ఆ గెలుపులో ఏమీ లేదు.

ఆ రోజు భాగహారం చెప్పాడు. మాదేవి అన్నీ సరిగ్గానే చేసింది. ఒక్క ప్రశ్న కూడా తిరిగి అడగలేదు. గుడ్డు సగం తిని వదిలేసింది. పాపం, బాగా అలిసిపోయింది, కాస్త నిద్రపోతే తేరుకుంటుందని ఆయనే చాప పరిచి, జడలు పక్కకు తీసి, పట్టీ తన చేత్తో కట్టాడు. “పడుకో తల్లీ. లేచేసరికి అంతా సర్దుకుంటాది,” అని నుదురు నిమిరాడు. కండక్టరు సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తు రావలసింది. రాలేదు. వదిలివెళ్లిన ఇంకో ముగ్గురు పిల్లల్నీ ఆయన ఆ పొద్దున అలాగే బడికి తోలుకొచ్చాడు. వాళ్లు ఏటా తిట్లు తినేవాళ్లే, పక్క చాపల మీద అప్పటికే గురక పెడుతున్నారు. మూసిన రెప్పల కింద మాదేవి కళ్లు ఒకటే కదిలాయి. బాగా నెమరేస్తోంది అనుకుని ఆయన సంతోషించాడు కూడా.

తర్వాత రోజుల్లో మాదేవి ఒక్కసారి కూడా ఏడవలేదు. తల్లి ఊసెత్తలేదు. లెక్కలన్నీ చకచకా చేసేది. ఎంత గట్టి పిల్లో చూడండి అని ఊళ్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు హుసేనయ్య.

హనుమక్కకు ఫోన్ లేదు. ఒకనాడు అన్నాల వేళ ఈరమ్మ ఆయన ఫోన్‌కే చేసింది. వెనక మిరప కల్లంలో కూలీల అరుపులు వినిపిస్తున్నాయి. “ఒక్కసారి దాని గొంతు వినిపించు సారూ,” అంది.

మాదేవి పలక మీద ఏదో లెక్క వేస్తోంది. ఆయన ఫోన్ అందించాడు. తీసుకోలేదు.

“వద్దులే సార్. ఆమెకు నేనొద్దు గదా.”

“అబ్బో, ఇంకా అలకేనా! మాట్లాడు, మాట్లాడు.”

పిల్ల తలెత్తి, సారు ఎందుకు నవ్వుతున్నాడో అర్థం కానట్టు చూసింది. “అలక గాదు సార్. నేను ఆమె కడుపున పుట్టలేదు. కల్లం కాడ దొరికినాను. ఆమెకు నేనొద్దు. ఆమె ఎంట పోకూడదు.”

ఎక్కం అప్పజెప్పినట్టే చెప్పింది. ఆ వరసే, ఆ నిదానమే. కోపం లేదు, కంట తడి లేదు. హుసేనయ్య వసారాలోకి నడిచాడు. ఫోన్ చెవికి పెట్టుకుని, “ఆడుకుంటాంది ఈరమ్మా, పిలిస్తే రావడం లేదు. మళ్లీ చెయ్యి,” అని అబద్ధమాడాడు. ఆ తల్లి అవతల నవ్వి, “ఆడుకోనీలే సారూ, బాగుంటే చాలు,” అంది. ఆ నవ్వు విన్నాక ఆయనకు ఆ పూట అన్నం దిగలేదు.

సాయంత్రం బడి అయ్యాక మాదేవి వెంట ఇంటికి వెళ్లి హనుమక్కతో చెప్పాడు. ముసలామె మనవరాలిని ఒళ్లోకి లాక్కుంది. ఆలస్యమైనా తన విరుగుడు తాను వెయ్యాలని చూసింది. బొరుగులు పెట్టింది, బెల్లం పెట్టింది. “మీయమ్మ దొంగదే! మీయమ్మ నోట్లో మన్ను పడ! నువ్వూ తిట్టే, తిట్టు!” అని ఉసిగొల్పింది.

మాదేవి బెల్లం నములుతూ అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “ఆమెను తిట్టద్దవ్వా, పాపం. ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చి ఇన్నేండ్లు సాకింది గదా.”

హనుమక్క సారు వైపు చూసింది. ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండునని హుసేనయ్యకు అనిపించింది. నాలుగు తిట్టి ఉంటే ఎంతో బాగుండును.

కబురు అందిన మర్నాడే మృణాళిని వచ్చింది. పిల్లలంతా ఇళ్లకు పోయాక ఖాళీ గదిలో కూర్చుని, ఆ పట్టీ దాచుకున్న గీతలన్నీ తన ట్యాబ్‌లో పరిచి చూసింది. చూస్తూ చూస్తూ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

“ఆ రోజు భాగహారాన్ని పట్టీ తాకను కూడా లేదు సార్. అరగంటా ఆ తిట్టొక్కటే తిరిగింది. తిరిగిన ప్రతిసారీ లోతుగా దిగింది. మనసులో మామూలుగా ఇలాంటిది పడితే చుట్టూ ఉన్న ఏడుపూ కోపమూ కలిసి మెల్లగా కరుగుతాయి. పట్టీ ఆ ఏడుపును పక్కకు నెట్టి, మాటను మాత్రం ఉంచింది. పాఠాన్ని అలాగే ఉంచాలని మేమే నేర్పాం దానికి.”

“చెరిపెయ్యండి మేడమ్.”

“గట్టిపరచడమే దానికి వచ్చు. చెరపడం రాదు. అది కావాలని ఎవరూ అనుకోలేదు సార్. మీరూ నేనూ కూడా.” ఆమె ట్యాబ్ మూసేసింది. “మా దగ్గర పరీక్షించిన పిల్లలంతా కార్లలో దిగి క్లాసులోకి వచ్చేవాళ్లు. పొద్దున వాళ్లకు పాఠం కంటే పెద్దదేదీ జరగదు. ఇక్కడి పొద్దులు నాకు తెలియవు.”

“మీకు తెలీదు మేడమ్. నాకు తెలుసు,” అన్నాడు హుసేనయ్య. “నాకన్నీ తెలుసు. ఆ తిట్టు ఎందుకు తిడతారో తెలుసు. ఆ రోజు బడికి ఎందుకు పంపరో తెలుసు. అవ్వ అడ్డం పడింది. నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినా.” పెద్దమనిషి, పిల్లల బెంచీ మీద కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

మిగిలిన దారి ఒక్కటేనని మృణాళిని చెప్పింది. తల్లిని రప్పించాలి. పొద్దున ఆ తల్లే పిల్లకు నిజం చెప్పాలి, ఆ తిట్టు కంటే గట్టిగా తగిలేలా చెప్పాలి. మధ్యాహ్నం మళ్లీ పట్టీ కట్టాలి. మొదటిది పోదు, దాని పక్కన రెండోది నిలబడితే చాలు.

ఈరమ్మ కోతలు వదిలేసి బస్సెక్కి వచ్చింది. జుట్టు నిండా, చీర నిండా మిరప ఘాటు. గుమ్మంలోకి వస్తూనే కూతుర్ని చూసి చేతులు చాచింది, అంతలో మంట అంటుతుందని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. నీళ్ల గాబు దగ్గరికి పరిగెత్తి సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. ఆమె కడుక్కుని తిరిగేసరికి మాదేవి చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది.

“తాగండి. కూసోండి. ఎండలో వచ్చినారు,” అంది, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు.

ఈరమ్మ ఆ చెంబు అందుకుంది. తాగడమా మానడమా తెలియక అలాగే పట్టుకుని నిలబడింది. హుసేనయ్య గోడ వైపు తిరిగిపోయాడు.

మర్నాడు పొద్దున ఎండలో కూర్చోబెట్టుకుని ఈరమ్మ కూతురికి తలకు నూనె పెట్టింది. రెండు జడలూ బిగించి వేసింది. వేస్తూ అన్నీ చెప్పింది. “నువ్వు ఆటోలో పుట్టినావే. ఆస్పత్రి దాకా ఆగలేదు నువ్వు, అంత తొందర నీకు. మీ అవ్వే తన కొంగులో సుట్టింది. నువ్వు నాకు గావాల. నువ్వు నాకే గావాల. ఆ పొద్దు అనిందంతా ఉత్తదే తల్లీ. లారీ కింద పడతావని బయమేసి అన్నా. లారీ కదిలినంక తిరుపతి పోయేంత దూరం ఏడ్చినా.” చెబుతూ చెబుతూ కూతుర్ని రొమ్ముకు అదుముకుని బావురుమంది.

మాదేవి కదలకుండా అంతా విన్నది. శ్రద్ధగా, పాఠం విన్నట్టే విన్నది. తల్లి ఏడుపు ఆపాక, “ఆటో దగ్గర నుంచి ఇంగొక్కసారి చెప్పండి,” అంది.

ఈరమ్మ మళ్లీ చెప్పింది. ఆ తల్లి ఓపికను ఏమని చెప్పాలి!

మధ్యాహ్నం బడిలో మాదేవి ఒక్కదానికే చాప వేశారు. హుసేనయ్య పట్టీ ముట్టుకోలేకపోతే మృణాళినే కట్టింది. ఈరమ్మ, హనుమక్క వసారాలో గోడకానుకుని కూర్చున్నారు. మృణాళిని ట్యాబ్ వంక చూస్తూ, పట్టుకుంది, పట్టుకుంది సార్ అని గుసగుసగా చెప్పింది. ఆ అరగంటా హుసేనయ్య తనకు తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా తలుచుకున్నాడు. ఉరుకుంద ఈరన్నకు మొక్కాడు, పెద్దదర్గాకూ మొక్కాడు.

మాదేవి లేచి కూర్చుంది. ఆవులించింది.

“ఏం తల్లీ,” అన్నాడు ఆయన పక్కన చతికిలబడి. “మీయమ్మ ఏం చెప్పింది?”

“అమ్మకు నేను గావాల సార్. నేను ఆటోలో పుట్టినా. అవ్వ కొంగులో సుట్టింది.”

వసారాలో ఈరమ్మ నోటి నుంచి చిన్న అరుపు వచ్చింది. అయితే పిల్ల ఇంకా ముగించలేదు.

“అమ్మకు నేనొద్దు సార్. నేను కల్లం కాడ దొరికినా. అమ్మ ఎంట పోకూడదు.” రెండు వేళ్లు చూపించింది. “రెండూ వచ్చు నాకు. పరీక్షలో రెండిట్లో యాది రాయాల సార్?”

మాదేవి ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది. తను తప్పు చెప్పిందేమోనని మళ్లీ మొదటి నుంచీ రెండూ అప్పజెప్పింది. ఎక్కడా తప్పు పోలేదు.

“ఇంకో నాలుగు రోజులు ఇట్లే కడితే మేడమ్?” అన్నాడు హుసేనయ్య.

“రెండింటికీ తల్లి ముఖమే గుర్తు సార్. ఒకటి లేస్తే రెండోదీ లేస్తోంది. కట్టే కొద్దీ రెండూ గట్టిపడతాయి.” మృణాళిని ట్యాబ్‌ను బల్ల మీద బోర్లించింది. “ఒక్క పిల్లే కదా, పట్టీలు ఆపక్కర్లేదు అంటారు పైవాళ్లు. ఇక్కడికి రాకముందైతే నేనూ అనేదాన్నేమో.”

ఈరమ్మ లోపలికి వచ్చింది. ఏడవడం లేదు. కూతురి తల మీది పట్టీ తీసి మృణాళిని చేతిలో పెట్టింది. “ఇంగ సాలు మేడమ్,” అంది. పిల్ల చెయ్యి పట్టుకుని లేపింది. “సాయంత్రం బస్సుకు నాతోనే తోలుకపోతా.”

“పరీక్ష...” అన్నాడు హుసేనయ్య. అనకుండా ఉండవలసింది. నోటి అలవాటు.

“నువ్వు అడిగితివని ఒకసారి ఇడిసిపెడితి సారూ,” అంది ఈరమ్మ. గొంతులో కోపం కూడా లేదు. “ఇంగొకసారి అడగద్దు.”

ఆయన అడగలేదు. బస్సు దాకా వాళ్ల వెనకే నడిచాడు, అంతే. తల్లి పక్కన మాదేవి బుద్ధిగా నడిచింది. చెయ్యి పట్టుకుంటే ఇచ్చింది, వదిలేస్తే తీసుకుంది. రమ్మన్నారు గనక వస్తోంది, వద్దన్నది కూడా గుర్తుంది గనక మధ్యమధ్య ఆగి తల్లి మొహంలోకి చూస్తోంది. ఆగిన ప్రతిసారీ ఈరమ్మ, “రా తల్లీ, రా,” అంటోంది. గుంటూరు దాకా అంటూనే ఉండాలి కాబోలు. ఎన్నాళ్లు అనాలో, ఏ నాటికి ఈ పిల్ల ఆగకుండా నడుస్తుందో హుసేనయ్యకూ తెలియదు, మృణాళినికీ తెలియదు.

బస్సు వచ్చింది. హనుమక్క మనవరాలి తల నిమిరి వదిలింది. మెట్టు మీద కాలు పెట్టిన మాదేవి చటుక్కున దిగి సారు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోతే వదిలే పిల్ల కాదు.

“చెప్పనే లేదు సార్. యాది రాయాల?”

“అది పరీక్షలో రాదులే తల్లీ,” అన్నాడు హుసేనయ్య. “ఆ కల్లం మాట మర్చిపో.”

మాదేవి కళ్లు చిట్లించి ఆలోచించింది. ఆ పని ఎలా చెయ్యాలో దానికి నిజంగానే తెలియలేదు.

“ఎట్ల మర్చిపోవాల సార్? అది మీరు నేర్పియ్యలేదు గదా.”

వెక్కిరింపు కాదు, నిష్ఠూరం కాదు. సారు చెబితే నేర్చుకుందామని నిలబడింది. కండక్టరు విజిలు వేశాడు, కిటికీలోంచి ఈరమ్మ పిలిచింది. మాదేవి ఇంకాసేపు చూసి, నమస్తే సార్ అని చెప్పి బస్సెక్కింది.